మొక్కజొన్న ఎదుగుదలలో హార్మోన్లు: ఒక చారిత్రక పరిశీలన

గత పాఠంలో మీరు ఆక్సిన్, జిబ్బరెల్లిన్, సైటోకైనిన్, అబ్సిసిక్ ఆమ్లం, ఇథిలీన్ అనే ఐదు వృక్ష హార్మోన్ల పనులను విడివిడిగా చదివారు. అలా చదివినప్పుడు ఈ ఐదూ మొక్కలో ఎప్పుడూ ఒకే మోతాదులో తయారవుతూ ఉంటాయనే అభిప్రాయం కలగవచ్చు. నిజానికి విత్తనం మొలిచిన రోజు ఉన్న పాళ్లు మోకాలెత్తు పైరులో ఉండవు. పీచు వేసిన నాటి పాళ్లు గింజ గట్టిపడే నాటికి మిగలవు. ఈ మార్పును శాస్త్రజ్ఞులు ఎలా తెలుసుకున్నారో, అందులో మొక్కజొన్న పాత్ర ఏమిటో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

ఉదాహరణలకు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాన్ని తీసుకుందాం. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేవరకు ఇది కర్నూలు జిల్లాలో భాగం. పడమట నల్లమల, అక్కడే పుట్టిన గుండ్లకమ్మ, ఆ నీటిని ఆపే కంభం చెరువు. చెరువు కింది భూమిని మినహాయిస్తే మిగిలిన చేలకు వానే ఆధారం, లేదా ఎప్పుడు ఎండుతుందో తెలియని బోరు. జొన్న, సజ్జ, కొర్ర, కంది ఇక్కడి పాత పంటలు. మొక్కజొన్న అమెరికా ఖండం నుంచి వచ్చిన పంట. మన పూర్వులు దాన్ని జొన్నతో పోల్చి పిలిచారు కాబట్టి పేరులోనే దాని కొత్తదనం కనిపిస్తుంది. అయితే జొన్నకున్న ఓర్పు దీనికి లేదు. పూత సమయంలో నీరు తప్పితే జొన్న ఎంతో కొంత తట్టుకుంటుంది, మొక్కజొన్న తట్టుకోలేదు. ఎందుకు తట్టుకోలేదన్న ప్రశ్నను మనసులో ఉంచుకొని ముందుకు చదవండి.

హార్మోన్ల కథ మొక్కజొన్నతో మొదలు కాలేదు. 1880లో చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ గడ్డి మొలకల మీద ప్రయోగాలు చేశారు. వెలుగును గుర్తించేది మొలక కొన అనీ, వంగేది దాని కింది భాగమనీ చూపారు. అంటే కొన నుంచి కిందికి ఏదో సమాచారం అందుతోందన్న మాట. 1926లో నెదర్లాండ్స్‌లో ఫ్రిట్స్ వెంట్ ఓట్ మొలకల కొనలను కోసి అగార్ ముక్కల మీద ఉంచాడు. తర్వాత ఆ ముక్కలను కొన లేని మొలకలపై ఒక పక్కగా పెడితే అవి వంగాయి. ఆ పదార్థానికే ఆక్సిన్ అని పేరు వచ్చింది. దాని రసాయన రూపమైన ఇండోల్ అసిటిక్ ఆమ్లం 1934లో దొరికింది, అదీ మానవ మూత్రంలో! మొక్కలో ఆక్సిన్ అత్యల్పంగా ఉండటం వల్ల దాన్ని వేరుచేయడం అప్పటి పద్ధతులకు కష్టమైంది.

మొక్కజొన్న రంగంలోకి వచ్చింది ఇక్కడే. 1946లో హాగెన్-స్మిట్, ఆయన సహచరులు లేత మొక్కజొన్న గింజల నుంచి ఇండోల్ అసిటిక్ ఆమ్లాన్ని శుద్ధరూపంలో వేరుచేశారు. (లాస్ ఏంజలెస్ నగరపు పొగమంచుకు వాహనాల పొగ కారణమని తర్వాత తేల్చింది కూడా ఈ హాగెన్-స్మిట్టే.) వాళ్లు ఆకును, కాండాన్ని వదిలి లేత గింజను ఎందుకు ఎన్నుకున్నారు? పాలుపోసుకునే దశలో గింజలో ఆక్సిన్ మిగతా భాగాల కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. దశనుబట్టి హార్మోన్ ఉత్పత్తి మారుతుంది కాబట్టే హార్మోన్ చేతికి చిక్కింది. ఈ పాఠంలో మీరు ముఖ్యంగా గ్రహించవలసిన విషయం ఇదే.

సైటోకైనిన్ల విషయంలోనూ ఇలాగే జరిగింది. కణవిభజనను ప్రేరేపించే కైనెటిన్ 1955లో దొరికింది గాని, అది మొక్కలో సహజంగా తయారయ్యే పదార్థం కాదు. సహజమైనదాని కోసం అమెరికాలో కార్లోస్ మిల్లర్, న్యూజిలాండ్‌లో డేవిడ్ లెథమ్ వెతికారు. ఇద్దరూ చేరింది మళ్లీ లేత మొక్కజొన్న గింజ దగ్గరికే. లెథమ్ 1963లో దాన్ని స్ఫటికరూపంలో వేరుచేశాడు. మొక్కజొన్న శాస్త్రీయ నామం జియా మేస్ నుంచి దానికి జియాటిన్ అనే పేరు వచ్చింది.

ఎత్తు పెరగడంలో జిబ్బరెల్లిన్ పాత్రను తేల్చినవి పొట్టి మొక్కజొన్నలు. ఈ హార్మోన్ మొదట జపాన్‌లో వరికి తెగులు తెచ్చే ఒక బూజులో బయటపడింది. 1956లో కాలిఫోర్నియాలో బెర్నార్డ్ ఫిన్నీ జన్యులోపం వల్ల మరుగుజ్జులైన మొక్కజొన్నలకు జిబ్బరెల్లిక్ ఆమ్లం ఇచ్చాడు. అవి మామూలు ఎత్తుకు పెరిగాయి. మామూలు మొక్క జిబ్బరెల్లిన్‌ను తానే తయారుచేసుకుంటుందనీ, పొట్టి మొక్కలో ఆ తయారీలో ఏదో ఒక మెట్టు తెగిందనీ దీన్నిబట్టి అర్థమైంది. మోకాలెత్తు దశ దాటాక కొద్ది వారాల్లోనే పైరు మనిషిని మించడం మీరు చూసే ఉంటారు. కణుపుల మధ్య భాగాలు అప్పుడు సాగుతాయి. జిబ్బరెల్లిన్‌కు ఎక్కువ పని పడేది ఆ రోజుల్లోనే.

చరిత్రలో ఇవి బయటపడిన వరుస వేరు, చేనులో ఇవి పనిచేసే వరుస వేరు. ఇప్పుడు చేని వరుసలో చూద్దాం. విత్తనంలో ఆక్సిన్ ఇతర పదార్థాలతో కలిసి నిల్వ ఉంటుంది. మొలిచేటప్పుడు విడుదలై మొలకకు అందుతుంది. అంటే తల్లి మొక్క గింజలో దాచిన సరుకుతో పిల్ల మొక్క మొదటి రోజులు గడుపుతుంది. తర్వాత లేత ఆకులు, పెరిగే కొనలు స్వయంగా ఆక్సిన్ తయారుచేస్తాయి. వేర్లు సైటోకైనిన్‌ను పైకి పంపుతూ ఆకులను పచ్చగా ఉంచుతాయి. ఆపైన కణుపులు సాగే దశ, మగపూత, పీచు. పీచుకు పుప్పొడి అంది ఫలదీకరణ జరిగాక సుమారు పది రోజుల ప్రాంతంలో గింజలో సైటోకైనిన్ శిఖరానికి చేరుతుంది. అంకురచ్ఛదంలో కణాలు వేగంగా విభజన చెందేది అప్పుడే. గింజ ఎంత పిండి నింపుకోగలదో ఆ కణాల సంఖ్య చాలావరకు నిర్ణయిస్తుంది. ఆ వెంటనే సైటోకైనిన్ తగ్గి ఆక్సిన్ పెరుగుతుంది. విభజన ఆగి, కణాలు పెద్దవై పిండి నింపుకుంటాయి. చివరి దశల్లో అబ్సిసిక్ ఆమ్లం గింజను ఎండడానికి, నిద్రావస్థకు సిద్ధం చేస్తుంది. ఈ ఆమ్లం తయారీలో లోపమున్న కొన్ని మొక్కజొన్న రకాల్లో గింజలు కండె మీదే మొలకెత్తుతాయి.

ఇక బోరు ఎండిన చేనికి వద్దాం. అబ్సిసిక్ ఆమ్లాన్ని 1963లో కాలిఫోర్నియాలో పత్తి కాయల నుంచి వేరుచేశారు. వేల్స్‌లో వేరొక బృందం చెట్ల ఆకుల్లో కనుగొన్న పదార్థం కూడా ఇదేనని తర్వాత తేలింది. వాడిన ఆకుల్లో ఇది బాగా పెరుగుతుందని 1969 నాటికి తెలిసింది. కాని ఆకు వాడకముందే పత్రరంధ్రాలు మూసుకోవడం ఎలా సాధ్యం? 1985లో ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్‌లో విలియం డేవిస్ బృందం మొక్కజొన్న వేర్లను రెండు భాగాలుగా చేసి, ఒక భాగానికే నీరు పెట్టింది. ఆకులో నీరు తగ్గలేదు, అయినా పత్రరంధ్రాలు కొంత మూసుకున్నాయి. ఎండుతున్న వేరు నుంచి పైకి హెచ్చరిక అందుతోందని, అందులో అబ్సిసిక్ ఆమ్లానిది ముఖ్యపాత్ర అని తర్వాతి ప్రయోగాలు చూపాయి. ఈ హెచ్చరికకు రక్షక కణాలు ఎలా స్పందిస్తాయన్న అంశంపై మన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎ.ఎస్. రాఘవేంద్ర విశేష పరిశోధనలు చేశారు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వి.ఎస్. రామదాస్ శిష్యుడాయన.

పత్రరంధ్రాలు మూసుకుంటే నీరు మిగులుతుంది గాని, చక్కెర తయారీ పడిపోతుంది. మోకాలెత్తు పైరుకు ఇది జరిగితే తర్వాతి వానకు కోలుకునే అవకాశం ఉంది. పీచు దశలో జరిగితే పీచు బయటికి రావడం ఆలస్యమై, అప్పటికే పుప్పొడి రాలిపోతుంది. ఫలదీకరణ జరిగిన గింజల్లో కూడా కణవిభజన సాగక కండె చివరివి ముడుచుకుపోతాయి. మగపూత, పీచు వేర్వేరు చోట్ల ఉండటం మొక్కజొన్నకు ఇక్కడ శాపమవుతుంది. జొన్నలో రెండూ ఒకే కంకిలో, ఒకే పువ్వులో ఉంటాయి. మొదట ఉంచుకున్న ప్రశ్నకు జవాబులో పెద్ద భాగం ఇదే. ఈ దశలో హార్మోన్ టానిక్ కొనమని సలహా ఇచ్చేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. చక్కెర అందని గింజకు కణవిభజన సంకేతం ఒక్కటే ఇస్తే ఏమవుతుందో మీరే ఆలోచించండి. ఆ డబ్బు ఒక తడికి పెట్టడం మేలని నా అభిప్రాయం.

హార్మోన్ చరిత్ర మన చేలలోకి మరో దారిలోనూ వచ్చింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆక్సిన్‌ను పోలిన 2,4-డి తయారైంది. వెడల్పాకు మొక్కలను అది అదుపు లేని ఎదుగుదలతో చంపుతుంది, గడ్డిజాతి మొక్కజొన్న తట్టుకుంటుంది. అందుకే మొక్కజొన్నలో కలుపుమందుగా వాడుతున్నారు. అయితే ఈ ప్రాంతంలో మొక్కజొన్న గట్టు పక్కనే పత్తి, మిరప ఉండవచ్చు. గాలికి ఆ తుంపర కొద్దిగా తగిలినా పత్తి ఆకులు చీలి బెండ ఆకుల్లా మారతాయి. మందు కొట్టిన డబ్బా సరిగా కడగకుండా పత్తికి వాడినా అంతే. అన్నదమ్ముల మధ్య, ఇరుగుపొరుగు రైతుల మధ్య తగాదాలకు ఇది చాలు. దీన్ని తెగులుగా భావించి మరో మందు కొట్టేవారూ ఉన్నారు.

అభ్యాసం: పాలుపోసుకునే దశలో ఒకే చేనులో నీరు బాగా అందిన సాలు నుంచి రెండు, అందని సాలు నుంచి రెండు కండెలు తెచ్చి వలవండి. ప్రతి కండెలో ఒక వరుస గింజలు లెక్కించండి. కొన వైపు గింజ పట్టని చోట్ల భూతద్దంతో చూసి, అసలు ఫలదీకరణ జరగనివి ఏవో, జరిగి ముడుచుకుపోయినవి ఏవో గుర్తించి నమోదు చేయండి.