పద్యం దొరికింది!

మా అత్తమ్మకు ఎనభై దాటాయి. బోధన్ శక్కర్‌నగర్ క్వార్టర్లలో కాపురం చేసిన మనిషి. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ జోరుగా నడిచిన రోజుల్లో, మగవాళ్లు రాత్రి షిఫ్టుకు వెళితే ఆడవాళ్లంతా మా వరండాలో చేరేవారట. అత్తమ్మ పోతన భాగవతం రాగం తీసి చదివేది. 2015లో ఫ్యాక్టరీ మూతపడింది. మేము నిజామాబాదు వచ్చేశాం. పసుపుగుడ్డలో చుట్టిన ఆ పుస్తకమూ మాతో వచ్చింది. కాని చూపు మందగించి, ఆవిడ దాన్ని విప్పడం మానేసింది.

మొన్న వంటింట్లో ఏదో పద్యం పాడుతూ మధ్యలో ఆగిపోయింది. ఎత్తుగడ గుర్తు రాదు! పుస్తకం చివర అకారాది సూచిక ఉంది గాని, మొదటి మాట మరిచినవాళ్లకు అది తాళంచెవి పోయిన బీరువాయే కదా.

"నానమ్మా, గుర్తున్న మాట చెప్పు" అన్నాడు మావాడు. ఫోన్లో ఏదో నొక్కాడు. పద్యం ప్రత్యక్షం!

"అంటుచేతులతో ముట్టుకునే దాంట్లనారా భాగవతం?" అంటూనే కళ్లద్దాలు సర్దుకుంది అత్తమ్మ. వాడు అక్షరాలు పెద్దవి చేసి చూపించాడు. పక్కింటి ఖాలాకూ ఇదే బెంగ. మనవరాలి ఫోన్లో ఖురాన్ వినిపిస్తుంటే, వజూ లేకుండా దాన్ని ముట్టుకోవచ్చా అని!

ఆలోచిస్తే, పద్యాన్ని వెతుక్కోవడానికీ ఒక చరిత్ర ఉందండీ. పదిహేనో శతాబ్దంలో పోతనగారు రాసింది తాటాకుల మీద. ఫలానా పద్యం ఏ ఆకులో ఉందో చెప్పాల్సింది చదివేవాళ్ల జ్ఞాపకమే. ఆ ఆకులూ కొన్ని చెడిపోయాయని పెద్దలు చెప్పుకుంటారు. గంగన, సింగన, నారయ పూనుకొని కొన్ని స్కంధాలు పూరించారు. తరవాత అచ్చు వచ్చింది. 1854లో వెలసిన వావిళ్లవారి ముద్రణాలయం వంటివి కావ్యాలను ఇళ్లకు చేర్చాయి. అచ్చుపుస్తకాల్లో పేజీ నంబర్లు, సూచికలు వచ్చాయి.

మరి ఫోనుకెలా తెలుస్తుందంటారా? 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు లిపికి చోటు దొరికింది. ప్రతి అక్షరానికీ ఓ అంకె. మనం కొట్టిన మాట అంకెలను గ్రంథమంతటితో పోల్చి చూస్తుందన్నమాట. అందుకే పేజీలను ఫొటోలు తీసి పెట్టేసిన యాప్‌లో ఇలా వెతకడం కుదరదు. ఎవరో ఓపిగ్గా అక్షరమక్షరం కొట్టి, సరిచూసి ఉండాలి. ఒక్క ఒత్తు తప్పినా ఆ మాట దొరకదు, పైగా ఆ తప్పే అందరి ఫోన్లలోకీ పోతుంది.

ఒక్కటే లోటు. అడిగిన పద్యమే ఎదురుగా వస్తుంది. పుస్తకం తిరగేస్తుంటే అడక్కుండానే కంటబడే పక్క పద్యం రాదు.

అత్తమ్మ మాత్రం ఆ ఒక్క పద్యంతో ఆగలేదు. ఎత్తుగడ అందగానే గొంతు విప్పి, తరవాతి పద్యాలు చూడకుండానే పాడేసింది. అచ్చం శక్కర్‌నగర్ వరండాలో లాగానే! పొయ్యి కట్టేసి నేనూ పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్లూ వింటూనే ఉన్నాగాని, నేర్చుకోలేదు. పద్యమంటే ఫోన్లో దొరికింది. ఈ రాగం పోతే, ఏ మాట నొక్కి వెతుక్కోను?