ప్రొబేషన్: జైలు వెలుపల సంస్కరణ

నేరం రుజువైన ప్రతి ఒక్కరినీ జైలుకు పంపాలన్న నియమం మన చట్టాలలో లేదు. తగిన సందర్భాలలో నేరస్తుని సమాజంలోనే ఉంచి, అతని నడవడిని పర్యవేక్షించే విధానానికి ప్రొబేషన్ అని పేరు. దీనికి ప్రధాన ఆధారం 1958 నాటి నేరస్తుల ప్రొబేషన్ చట్టం.

మరణశిక్షకు గానీ యావజ్జీవ శిక్షకు గానీ అవకాశం లేని నేరాలలో, నేర స్వభావాన్నీ నేరస్తుని ప్రవర్తననూ పరిశీలించి, న్యాయస్థానం వెంటనే శిక్ష విధించకుండా అతనిని బాండుపై విడుదల చేయవచ్చు. ఈ బాండు గడువు 3 సంవత్సరాలకు మించరాదు. పర్యవేక్షణకు ఆదేశిస్తే దాని కాలం ఏడాదికి తగ్గరాదు. 21 ఏళ్లు నిండనివారి విషయంలో న్యాయస్థానం ప్రొబేషన్ అధికారి నివేదికను తెప్పించుకోవాలి. జైలుశిక్ష తప్పదనుకుంటే కారణాలను నమోదు చేయాలి.

విచారణ నాటికి తమ ప్రాంతంలో ఈ చట్టం అమలులో లేకపోయినా, అప్పీలు దశలో దాని ప్రయోజనం పొందవచ్చని 1964లో రతన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 16 ఏళ్ల బాలునికి సంబంధించిన ఆ కేసులో మెజారిటీ తీర్పు రాసినవారు తెలుగువారైన జస్టిస్ కోకా సుబ్బారావు.

ఈ వ్యవస్థకు కీలకం ప్రొబేషన్ అధికారి. నేరస్తుని కుటుంబ స్థితిని, పరిసరాలను విచారించి నివేదిక సమర్పించడం ఆయన మొదటి బాధ్యత. ఆ నివేదికను గోప్యంగా ఉంచాలి. విడుదల తరువాత పర్యవేక్షణలో ఉన్నవారికి తగిన ఉపాధి దొరికేలా ప్రయత్నించడం, బాధితునికి చెల్లించవలసిన పరిహారం విషయంలో సలహా, సహాయం అందించడం కూడా ఆయన విధులే. మద్యపానానికి దూరంగా ఉండటం, నిర్ణీత చోట నివసించడం వంటి షరతులను న్యాయస్థానం విధించవచ్చు.

నడవడి బాగుంటే, ఇక పర్యవేక్షణ అవసరం లేదని అధికారి కోరినప్పుడు న్యాయస్థానం గడువుకు ముందే బాండును రద్దు చేయవచ్చు. షరతులను ఉల్లంఘిస్తే మూల నేరానికి శిక్ష విధించవచ్చు. మొదటి ఉల్లంఘనకు జరిమానాతో సరిపెట్టే వీలూ ఉంది.

2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కొన్ని చిన్న నేరాలకు సమాజ సేవను శిక్షగా చేర్చింది. అది శిక్ష, ప్రొబేషన్ శిక్షకు బదులుగా ఇచ్చే అవకాశం. అధికారి స్వయంగా విచారించి, క్రమం తప్పక కలుసుకున్నప్పుడే ఆ అవకాశానికి అర్థం. లేకుంటే బాండు సంతకం చేసిన కాగితంగానే మిగులుతుంది. దాని నష్టం నేరస్తునితో పాటు బాధితునికీ తప్పదు.