రాత్రిపూట దించిన పంచె

మా తాత బతుకంతా చెప్పులు కుట్టాడు. తన కాళ్ళకంటూ కుట్టుకున్నది ఒక్క జత కూడా లేదు. ఆయన్ని పాతిపెట్టిన రోజు ఆ అరికాళ్ళు దగ్గరగా చూశాను. తంగేడు నీళ్ళల్లో నాని నాని ఎర్రబడి, పగుళ్ళు తేలి, లందలోంచి తీసి ఆరేసిన తోలుకీ వాటికీ తేడా తెలవలేదు. ఆ కాళ్ళు ఏడాదిలో కొన్ని రాత్రులు మాత్రం చెప్పులు తొడుక్కునేవి. ఆ చెప్పుల సంగతీ, వాటి మీదికి ఆయన కట్టిన పంచె సంగతీ రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

మాది వినగడప. అప్పట్లో కృష్ణా జిల్లా తిరువూరు తాలూకా. ఇప్పుడు గంపలగూడెం మండలం, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. పక్కనే కట్లేరు వాగు. మెట్ట ఊరు కాబట్టి బావులూ మోటలూ ఎక్కువ. మోట ఉన్నచోట మాదిగ లేకుండా జరగదు. మధిర వైపు పోతే 1948 దాకా నైజాం రాజ్యం, మేమున్నది ఇంగ్లీషోడి రాజ్యం. రాజులు వేరైనా గూడెం ఊరికి ఆ చివరే, ఈ చివరే.

మా ఇంటికి కొన్ని కుటుంబాల ఆసాములు ఉండేవాళ్ళు. వాళ్ళకి ఏటా చెప్పులు, మోటకి తోలు బొక్కెన, తొండం, కాడికి వార్లు, పాలేళ్ళకి చెర్నాకోలలు అన్నీ మేమే చెయ్యాలి. కళ్ళం ఎత్తేటప్పుడు ఇన్ని గింజలు కొలిచి పోసేవాళ్ళు. చచ్చిన గొడ్డు మాది. దీన్ని కొందరు పండితులు పల్లెటూరి పరస్పర సహకారం అని రాశారు. చెప్పు తెగితే అర్ధరాత్రైనా వాళ్ళు పిలిచేవాళ్ళు, గింజలు తక్కువైతే పగటిపూట కూడా మేం అడగలేం. సహకారమంటే అదేనేమో!

పచ్చితోలుని వాగులో కడిగి సున్నం నీళ్ళల్లో నానేసేవాళ్ళు. వెంట్రుక ఊడొచ్చాక రంపెతో గీకి, మళ్ళీ కడిగి, తంగేడు చెక్క నీళ్ళల్లో వేసేవాళ్ళు. తర్వాత తోలుని సంచి మాదిరి కుట్టి, లోపల దంచిన చెక్కా నీళ్ళూ పోసి కొయ్యలకి వేలాడదీసేవాళ్ళు. కారిన నీళ్ళని కింద కుండలో పట్టి మళ్ళీ పైన పొయ్యాలి. చెక్క దంచటం, నీళ్ళు పొయ్యటం మా నాయనమ్మ పని. ఆ నీళ్ళు వేలితో నాలిక్కి రాసుకుని, ‘ఇంకా వగరుంది, పోనియ్యి’ అనో, ‘చచ్చింది, కొత్త చెక్క ఎయ్యి’ అనో చెప్పేది. ఆ వగరు పేరు టానిన్ అని, తోలులోని మాంసకృత్తుల్ని పట్టుకుని కుళ్ళనియ్యకుండా చేసేది అదేనని నేను కాలేజీలో చదువుకున్నాను. ఆమె మాత్రం బడి గడప తొక్కలేదు. ఆఖరున కరక్కాయ నీళ్ళు, ఆముదం. మొత్తం నెల పైమాటే.

అడుక్కి బర్రెతోలు రెండు మూడు పొరలు, పైన మెత్తటి తోలు పట్టీలు, బొటనవేలికి ఉంగటం. కుట్టేది తోలు వార్లతోనే, మేకు ఉండదు. మోతుబరులకి కిర్రు చెప్పులు కావాలి. నడుస్తుంటే కిర్రు కిర్రుమనాలి. అడుగు పొరల మధ్య ఆముదం తగలని ఎండుతోలు ముక్క ఒకటి దాచేవాడు మా తాత. రెండు తోళ్ళు ఒరుసుకుని అరుస్తాయి. ఎంత ముక్క, ఎక్కడ పెట్టాలి అన్నది ఆయనకే తెలుసు. ఆ చప్పుడు వినపడగానే అరుగుల మీదోళ్ళు దిగేవాళ్ళు, చేలో నడుం ఎత్తినోళ్ళు మళ్ళీ వంగేవాళ్ళు. మా తాత కుట్టిన చప్పుడికి మా అమ్మ వంగేది.

కొత్త కిర్రు చెప్పు కరుస్తుంది. మడమ దగ్గరా, బొటనవేలి సందులోనూ తోలు లేచిపోతుంది. ఆసామి పాదం మెత్తన. అందుకని కొత్త జతని ముందు మా తాత తొక్కి మెత్తబరచాలి. ఇది ఎవరూ పైకి చెప్పే మాట కాదు. ‘కరవకుండా తేరా’ అంటాడు ఆసామి. ఎట్లా కరవకుండా తేవాలో ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. మాదిగోడు పగలు చెప్పులేసుకుని తిరగరాదు. ఊళ్ళోకి పోతే విప్పి చేతపట్టుకోవాలి. కాబట్టి ఆ తొక్కటమంతా రాత్రిపూట, గూడెంలో, లంద చుట్టూ. వరసగా ఎనిమిది తొమ్మిది రాత్రులు. పొడినేల మీద కొంత, వాగు ఇసకలో కొంత, తడికాళ్ళతో కొంత. పుండు పడితే దాని మీద ఆముదం రాసి మళ్ళీ నడిచేవాడు.

ఇంకొకటి ఉంది. ఆసామి పంచె చీలమండల దాకా దిగి ఉంటుంది, తెల్లటి పంచె. మా తాతది మోకాలి పైకి ఎగ్గట్టిన గోచి. పంచె కిందికి దించితే పొగరు కింద లెక్క. కానీ చెప్పుని ఎగ్గట్టిన పంచెతో చూస్తే సగం చూసినట్టే. పట్టీ అంచు మొరటుగా ఉంటే పంచె కుచ్చెళ్ళు తగులుకుంటాయి. ఆముదం ఎక్కువైతే అంచుకి మరక. తంగేడు రంగు సరిగా కడగకపోతే తడికి తెల్లబట్ట మీదికి దిగుతుంది, ఆ మరక చాకలి గుడ్డావికి కూడా పోదు. మరక పడితే తిట్లు తినేది మేమే. అందుకని మా నాయనమ్మ ఒక పాత పంచెని ఉతికి దాచేది. ఆ రాత్రుళ్ళు మా తాత దాన్ని చీలమండల దాకా దించి, కుచ్చెళ్ళు పోసి కట్టుకుని, కిర్రు చెప్పులేసుకుని నడిచేవాడు. వెన్నెల్లో నేను గుమ్మంలో కూర్చుని చూసేవాణ్ణి. పగటిపూట వంగి ఉండే మనిషి నిటారుగా ఉండేవాడు. పంచె దిగితే అడుగు మారుతుందేమో. ‘తాతా, నీకు బాగున్నయ్’ అంటే, ‘మనయి కాదురా’ అనేవాడు. మళ్ళీ ఇంకో చుట్టు తిరిగొచ్చేవాడు. ఆ చుట్టు చెప్పు కోసమా, తన కోసమా అని ఇప్పుడు ఆలోచిస్తాను.

నాకు పదేళ్ళప్పుడు, అంటే 1971లో అనుకుంటా, రెండో ఆట సినిమా చూసి తిరువూరు నుంచి వస్తున్న ఒక ఆసామి కొడుకు కంట్లో పడ్డాడు. తెల్లారి కబురొచ్చింది. ‘ఏరా, రాత్రి పంచె జారిందంటగా’ అని మొదలుపెట్టారు. ఆ చెప్పులే నెత్తిన పెట్టించి రావిచెట్టు చుట్టూ తిప్పారు. మా తాతకి అప్పటికి అరవై దాటినై. ఇక్కడ గమనించాల్సిందేమంటే, ఆ చెప్పుల్ని వాళ్ళు పారెయ్యలేదు. పసుపునీళ్ళు చల్లించి తొడుక్కున్నారు. మెత్తగానే ఉన్నై గదా! అంటరానితనంలో ఇంత వాటం ఉంది. ఆ ఏడే మా నాయన రంపెనీ ఆరెనీ చూర్లో దోపి కూలికి పోయాడు.

నా దగ్గర చదువుకున్న పిల్లవాడొకడు ఎడింబరోలో ఉన్నాడు. నిరుడు ఒక ఫోటో పంపాడు. ఒకాయన మోకాళ్ళ దాకా గళ్ళ కిల్టు కట్టుకుని, పాతకాలపు పద్ధతిలో చేత్తో కుట్టిన తోలు జోళ్ళేసుకుని బురదలో నడుస్తున్నాడు. కిల్టుతో పొసుగుతాయా లేదా, తడికి నిలుస్తాయా లేదా అని పరీక్ష చేస్తున్నాడట. పట్టపగలు, నలుగురి ముందు. ఆ కిల్టుకీ ఒక కథ ఉంది. తిరుగుబాటు చేశారని 1746లో బ్రిటిష్ పార్లమెంటు హైలాండు వేషాన్ని నిషేధించింది, 1782లో ఎత్తేసింది. మా పంచె మీద ఏ పార్లమెంటూ నిషేధం పెట్టలేదు, అందుకని ఎత్తెయ్యటానికీ ఏమీ లేకపోయింది. రాజ్యాంగం 17వ అధికరణం వచ్చింది, 1955 చట్టం వచ్చింది, కారంచేడు, చుండూరు రక్తపాతాల మధ్య 1989 చట్టం వచ్చింది. అయినా సరిపోక, 2015లో ఆ చట్టాన్ని సవరించినప్పుడు, బహిరంగ స్థలంలో దళితుణ్ణి పాదరక్షలు తొడుక్కోనియ్యకపోవటం నేరమని పేరుపెట్టి రాయాల్సొచ్చింది. విద్యార్థులు ఆ సెక్షన్ తీసి చదవండి. మా తాత అందులో ఉన్నాడు.

పని ఎట్లా పోయిందనేది వేరే కథ, పొడుగైంది. పచ్చితోళ్ళు వ్యాపారుల చేతుల్లో పడి మద్రాసు వైపు పోయినై, అక్కణ్ణించి ఓడలెక్కినై. క్రోమ్ పద్ధతి వచ్చి నెల పనిని రోజుల్లోకి దించింది. బాటా వచ్చింది, టైరు చెప్పులొచ్చినై, హవాయి వచ్చింది. కరెంటు మోటారు రాగానే తోలు బొక్కెన అటకెక్కింది. ప్రభుత్వం 1973లో తోలు పరిశ్రమలకి లిడ్‌క్యాప్ పెట్టింది గానీ మా లంద దాకా ఏదీ రాలేదు. 1994లో దండోరా మోగాక డప్పూ చెప్పూ మాకు సిగ్గుపడే వస్తువులు కాకుండా పోయినై. అప్పటికి చెప్పు కుట్టే చేతులు గూడెంలో మా చిన్నాన్నవి ఒక్కటే మిగిలినై. ఆయనకిప్పుడు ఎనభై దాటినై, చర్మకారుల పింఛను నెలకి 4,000 వస్తుంది.

ఆయన్ని బతిమాలి నిరుడు ఒక జత కుట్టించుకున్నాను. లంద లేదు, తంగేడు తోలు ఈరోడ్ నుంచి తెప్పించాల్సొచ్చింది. కాగితం మీద నా పాదం గీసుకుని, ‘ఇదేందిరా, మీ తాత కాలే’ అన్నాడు. కిర్రు ముక్క రెండుసార్లు తప్పింది, మూడోసారి పలికింది. తెల్లపంచె చీలమండల దాకా దించి పట్టపగలే బయల్దేరాను. గూడెం నుంచి రామాలయం బజారు మీదుగా కట్లేరు దాకా, వెనక్కి. మొదటి రోజు బొటనవేలు సందు పగిలింది. రెండో రోజు వాగు తడికి అంచున ఎర్రటి గీత పడింది, మా నాయనమ్మ ఉంటే తోలు ఇంకోసారి కడిగించేది. నాలుగో రోజుకి మడమ దగ్గర మెత్తబడింది. చప్పుడు విని ఎవరూ లేవలేదు, ఎవరూ వంగలేదు. ఫోన్లలోంచి తల తిప్పి చూశారు, అంతే.

ఆ ఇంటి అరుగు మీద మనవడు కూర్చుని ఉన్నాడు. మర్యాదస్తుడే. ‘మాస్టారూ, ఎక్కడివండీ ఇవి? ఇట్లాంటియ్యే ఇటలీలో ప్రాడావాళ్ళు చూపించారంటగా, కొల్హాపురి చెప్పుల గొడవ వచ్చింది’ అన్నాడు. 2025 జూన్ నాటి సంగతి అది. ‘మా తాతగారికి మీవాళ్ళే కుట్టేవాళ్ళంట. నాకూ ఒక జత కుట్టించండి, ఎంతైనా ఇస్తాను. కొంచెం మెత్తబడ్డాక ఇప్పించండి మాస్టారూ, కొత్తవి కరుస్తాయంటగా.’

చిన్నాన్నకి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘కొలతియ్యటానికి గూడేనికి రమ్మను. మెత్తబరుచుకునేది ఆయన్నే నడవమను’ అన్నాడు. ఆ అబ్బాయి ఇంకా రాలేదు. నా ఎడమ చెప్పు ఉంగటం కొంచెం బిగుతుగా ఉందంటే, చిన్నాన్న విప్పి మళ్ళీ కుడుతున్నాడు.