తెర మీద గుద్దిన కారు

ఏం ఉద్యోగం చేస్తున్నావని మన బ్యాచ్ మిత్రులు అడిగితే "కంప్యూటర్లో కార్లు గుద్దిస్తుంటాను" అంటాను. నవ్వేస్తారు. కానీ అది నిజమే. బంపరు, తలుపు, సీటు చట్రం వంటివి తయారు కాకముందే అవి ఎంత బరువుకు వంగుతాయో, ఎక్కడ చిట్లుతాయో లెక్కకట్టి చూడటం నా పని. మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం రాయమన్నప్పుడు, దాదాపు మన సంఘం వయసే ఉన్న ఈ విద్య కథ చెబుదామనిపించింది.

దీని మూలసూత్రం మనందరం బడిలో నేర్చుకున్నదే. ఆకు వైశాల్యం కనుక్కోవడానికి దాన్ని గ్రాఫు కాగితం మీద పెట్టి, అంచు గీసి, లోపలి గడులు లెక్కపెట్టేవాళ్లం. గడి ఎంత చిన్నదైతే జవాబు నిజానికి అంత దగ్గర. 1956లో టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ అనే నలుగురు, విమానం రెక్కల వంటి నిర్మాణాలను ఇలాగే ముక్కలుగా చేసి వాటి బిగువును లెక్కించే పద్ధతిని ప్రచురించారు. 1960లో రే క్లఫ్ దానికి 'ఫైనైట్ ఎలిమెంట్' అని పేరు పెట్టారు. ఈ విద్యలో మనవాళ్ల పాలూ ఉంది. ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివి అమెరికాలో ఆచార్యులైన జె.ఎన్.రెడ్డి గారి పాఠ్యపుస్తకం 1984లో వచ్చింది. నాలాంటి వాళ్లెందరో దానితోనే ఓనమాలు దిద్దుకున్నారు. 2019లో ఆయనకు తిమోషెంకో పతకం లభించింది.

వంగడాన్ని లెక్కించడం ఒక ఎత్తు, గుద్దుకోవడాన్ని లెక్కించడం మరో ఎత్తు. గోడను ఢీకొన్న కారు సెకనులో పదో వంతు కాలంలోనే నలిగిపోతుంది. కాబట్టి వస్తువునే కాదు, కాలాన్ని కూడా ముక్కలు చేయాలి. ఉక్కులో శబ్దం సెకనుకు సుమారు 5 కిలోమీటర్లు పోతుంది. 5 మిల్లీమీటర్ల ముక్కను దాటడానికి దానికి పట్టే కాలం సెకనులో పది లక్షల వంతు. లెక్కలో ఒక్కో అడుగు అంతకు మించకూడదు. అంటే ఒక్క ప్రమాదానికి లక్ష అడుగులు, ప్రతి అడుగులోనూ ప్రతి ముక్కకూ లెక్క!

ఇలాంటి లెక్క చేసే డైనా-3డి ప్రోగ్రామును 1976లో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో జాన్ హాల్‌క్విస్ట్ రాశారు. అది కార్ల కోసం కాదు, నేలను తాకిన బాంబు ఏమవుతుందో తెలుసుకోవడానికి. తర్వాత పదేళ్లకు, ఫ్రాన్సుకు చెందిన ఈఎస్ఐ సంస్థ జర్మనీ కార్ల కంపెనీలతో కలిసి ఫోక్స్‌వ్యాగన్ పోలోను తెర మీద గోడకు గుద్దించింది. కారును 6 వేలలోపు ముక్కలుగా చేసిన ఆ లెక్క రాత్రికి రాత్రే పూర్తయింది. అంతవరకూ ఎంతో ఖర్చుపెట్టి నమూనా కారు కట్టి, దాన్ని గుద్ది పాడుచేస్తే తప్ప లోపం బయటపడేది కాదు. ఇక అచ్చులు పోయకముందే లోపాన్ని దిద్దుకునే వీలు కలిగింది.

మరి మన రోడ్ల మీది కార్ల సంగతి? 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ, మన దేశంలో అమ్ముడయ్యే అయిదు చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసింది. పెద్దల రక్షణలో అయిదింటికీ సున్నా నక్షత్రాలే. వాటిలో పోలో కూడా ఒకటి! దాని చట్రం గట్టిగానే నిలిచింది, కానీ పరీక్షించిన రకంలో ఎయిర్‌బ్యాగులు లేవు. రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలోకు నాలుగు నక్షత్రాలు వచ్చాయి.

ఈ రెండు పోలోల మధ్య ఇరవై ఎనిమిదేళ్లు గడిచాయి. ఆ పరీక్షలో వచ్చిన సున్నాకు లెక్క తెలియకపోవడం కారణం కాదు. కారును ఎదురుగా గుద్ది చూపించాలన్న నిబంధన అప్పటికి మన దేశంలో లేదు. అది 2017 అక్టోబరులో కొత్త మోడళ్లకు, 2019 అక్టోబరులో అన్నిటికీ వచ్చింది. 2018 డిసెంబరులో టాటా నెక్సాన్ అయిదు నక్షత్రాలు పొందిన తొలి భారతీయ కారైంది. 2023లో మన సొంత భారత్ ఎన్‌క్యాప్ మొదలైంది. కంప్యూటరు అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఎయిర్‌బ్యాగు లేని కారులో మనిషి తలకు ఏమవుతుందని ఎవరూ అడగకపోతే, అది తనంతట తాను హెచ్చరించదు.

నేటికీ చివరకు ఒక నిజమైన కారును నిజమైన గోడకు గుద్దించాల్సిందే. వెల్డింగు సరిగా పడిందా, రేకు చెప్పినంత మందంగా ఉందా అన్నది తేలేది అక్కడే. అందుకే గురువులకు నాదొక విన్నపం. మన పిల్లలు ఈ రంగంలోకి వస్తే సాఫ్ట్‌వేరు ఆరు నెలల్లో పట్టుబడుతుంది. "ఈ సీట్లో కూర్చునేది ఎవరు? గుద్దుకుంటే వాళ్లకేమవుతుంది?" అని అడిగే అలవాటు మాత్రం ముందే ఉండాలి. దాన్ని మీరు తరగతి గదిలోనే నేర్పి పంపండి.