దామెర్ల రామారావు దేశాటనము – పలనాటి శిల

ఆంధ్రదేశమున ఆధునిక చిత్రకళకు పునాది వైచినవారిలో అగ్రగణ్యుడు శ్రీ దామెర్ల రామారావు. ఆయన రాజమహేంద్రవరమున 1897 మార్చి 8వ తేదీని జన్మించి, 1925 ఫిబ్రవరి 6వ తేదీని మశూచికమువలన కాలధర్మము నొందెను. ఇరువది యెనిమిదేండ్లైనను నిండలేదు. అందును కళాశాల విడిచి స్వతంత్రముగ కుంచె పట్టిన కాలము అయిదేండ్లు మాత్రమే. ఆ స్వల్పకాలమున ఆయన గడించిన కీర్తికి మూలమేమని విచారించినచో, మనుష్యరూపమును కన్నులార చూచి గీయు నభ్యాసమొకటి, దేశాటనమొకటి ముఖ్యముగ గోచరించును.

రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడుగ నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయముగ కవి, చిత్రకారుడు. బొమ్మలు గీయు పిల్లలను చేరదీయుట ఆయనకు వ్యసనము. రామారావు, అడివి బాపిరాజు మున్నగువారు ఆ నీడను పెరిగిరి. పాశ్చాత్యుల చిత్రములకు నకళ్లు వ్రాయుట మాని, గోదావరి యొడ్డున కనబడు మనుష్యులను, పడవలను, చెట్లను గీయుడని ఆయన బోధించెను. శిష్యుని అజంతా గుహలకు గొనిపోయి చూపినవాడును ఆయనయే. ఆంగ్లేయుడు వచ్చి మన పూర్వుల గోడలను మనకు చూపవలసివచ్చుట సిగ్గుపడదగిన విషయమే కాని, చూపినవానియందు కృతజ్ఞత తగ్గరాదు.

1916లో రామారావు బొంబాయి జె. జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో ప్రవేశించెను. ఆతని గీతలను జూచిన ప్రధానాచార్యుడు సెసిల్ బర్న్స్ తొలి తరగతులతో పనిలేదని పై తరగతిలోనే చేర్చుకొనెను. 1920లో చదువు ముగిసెను. తరువాత ఆయన గుజరాతు, కాఠియావాడు ప్రాంతములందు సంచరించెను. యాత్రికులకు గుళ్లు, గోపురములు కావలెను. రామారావునకు కావలసినది మనిషి నడక. కడవ నెత్తిన బెట్టుకొన్న స్త్రీ మెడ ఏ వంపున నిలుచును, కూర్చున్నవాడు లేచునపుడు ఏ కాలిపై బరువు మోపును, పరికిణీ కుచ్చెళ్లు మోకాలివద్ద ఎట్లు విరుగును – ఇట్టివి పెన్సిలుతో చిన్న పుస్తకములలో పట్టుకొనుటయే ఆయన నిత్యకృత్యము. అట్టి పుస్తకము లనేకము నేటికిని రాజమహేంద్రవరమున ఆయన పేర వెలసిన చిత్రశాలలో భద్రముగ నున్నవి. ఇంటికి వచ్చి నీటిరంగులలో తీర్చిన పెద్ద చిత్రములకు ఇవియే విత్తులు.

ఆ దినములలో కళారంగమున రెండు త్రోవలుండెను. వంగదేశమున అవనీంద్రనాథ ఠాకూరు శిష్యవర్గము భావమునకు, పలుచని రంగుల కడుగుకు ప్రాధాన్యమిచ్చి, దేహనిర్మాణమును కొంత ఉపేక్షించెను. బొంబాయి కళాశాల దేహనిర్మాణమును నేర్పుటలో దిట్ట. దేశీయమైన భావము మాత్రము అక్కడ పలుచన. రామారావు మొదటివారి సౌకుమార్యమును, రెండవవారి అస్థిపంజర జ్ఞానమును గ్రహించి, ఎవ్వరికిని దాసుడు గాక, తెలుగువారి ముఖములను వ్రాసెను. భార్య సత్యవాణి ఆయన చిత్రములకు నమూనాగ కూర్చుండెడిది. కులస్త్రీ ఎదుట కూర్చుండి బొమ్మ గీయించుకొనుట నలుగురు నవ్వు కాలమది. ఆ యిల్లాలి ధైర్యమును చిత్రచరిత్రకారులు మరికొంత విపులముగ వ్రాసియుండవలసినది.

1922లో కలకత్తా ప్రదర్శనమున బహుమతి నందిన ‘ఋష్యశృంగ బంధనము’ ఆయన పేరును దేశమంతట మ్రోగించెను. స్త్రీ యనునది యొకటి గలదని యెరుగక తండ్రి యాశ్రమమున పెరిగిన ముని, అంగదేశపు వారాంగనలను చూచి వారును తాపసులే యని భ్రమపడిన కథ రామాయణమందును, భారతారణ్యపర్వమందును, బౌద్ధజాతకములందును గలదు. కవికి ఇక్కడ శ్లేష కలదు, హాస్యము కలదు. చిత్రకారునకు దేహ మొక్కటియే దిక్కు: తెలియనితనమును భుజములలో, తెలిసినతనమును వ్రేళ్లలో చూపవలెను. ‘సిద్ధార్థ రాగోదయము’నందును ప్రశ్న యదియే. ఒకనాడు సర్వమును విడువబోవు రాజకుమారుని మనసున అనురాగము మొలకెత్తు క్షణమును ఆయన ఎన్నుకొనెను.

ఇచ్చట పలనాటివారు ఆలోచింపవలసిన విశేషము గలదు. అజంతా దాక, కాఠియావాడు దాక పోయిన ఈ రూపకారునకు, తన భాష మాటలాడు సీమలోనే కృష్ణయొడ్డున ఏమి పూడియున్నదో తెలియదు. ఆనాటి కెవ్వరికిని తెలియదు. సూరపరాజు వేంకటరామయ్య యను బడిపంతులు నాగార్జునకొండ లోయలో ప్రాచీన స్తంభమును జూచి ప్రభుత్వమునకు తెలిపినది 1926లో, రామారావు గతించిన మరుసటి యేట. గోలి గ్రామమున స్తూపశిల్పములను ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రేయ్ వెలికి దీసినదియు ఆ యేడే. పిదప లాంగ్‌హర్స్టు త్రవ్వకములలో క్రీస్తుశకము మూడవ శతాబ్దినాటి ఇక్ష్వాకుల విజయపురి బయల్పడెను. ఆ ఫలకములపై సిద్ధార్థుని మహాభినిష్క్రమణము కలదు. బుద్ధుని తమ్ముడు నందుడు క్రొత్త పెండ్లికూతును విడువలేక విడిచి భిక్షువైన కథయు కలదు. రామారావు కుంచెతో వెదకిన క్షణమునే పదునేడు వందల యేండ్లనాడు పలనాటి ఉలి వెదకెను. సన్నని నడుములు, ఒక కాలిపై బరువు మోపిన నిలుకడ, గుంపులోనైనను ఏ మనిషి కా మనిషిగ నిలుచు తీరు – ఆయన బొంబాయిలో నేర్చిన పాఠమునకు ఇది స్వదేశ భాష్యమై యుండెడిది.

పలనాడనిన రాళ్లసీమయని శ్రీనాథుని పేర చాటువులు ప్రచారములో నున్నవి. జొన్నకూడు తినలేక విసిగిన మహాకవి ఆ రాళ్లను మన్నింపలేదు. అమరావతీ స్తూపమునకు వాడిన లేతాకుపచ్చ ఛాయగల సున్నపురాతిని పండితులు పలనాటి రాయి యనియే వ్యవహరింతురు. అనగా ఆ సీమ రాయి ఆంధ్ర శిల్పమున కంతటికిని కాగితము వంటిదైనది.

రామారావునకు దక్కని యాత్ర ఆయన బాల్యసఖునకు దక్కెను. అడివి బాపిరాజు ఇక్ష్వాకుల కాలమును రంగముగ గొని ‘అడవి శాంతిశ్రీ’ నవల రచించెను. ఇక్ష్వాకు రాజకుమార్తె అడవిశాంతిశ్రీ పేరు నాగార్జునకొండ శాసనములందు కలదు. బాపిరాజు 1952లో దివంగతుడయ్యెను. 1955 డిసెంబరు 10వ తేదీని నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. అంతకు ముందే, 1954లో ఆరంభమైన త్రవ్వకములు 1960 వరకు సాగి, మునుగబోవు లోయనుండి శిల్పములను, కట్టడములను కొన్నిటిని కొండ శిఖరమునకు చేర్చినవి. విజయపురి రేవున లాంచీ యెక్కి పోవువారు ఆ ప్రదర్శనశాలలో వానిని చూడవచ్చును. గోలి ఫలకములు మదరాసు మ్యూజియమున నున్నవి. వానిలో వేస్సంతర జాతకము పొడవుగ చెక్కబడినది. రాజు తన బిడ్డలను దానమిచ్చు ఘట్టమువద్ద, ఆ పిల్లల నిలుకడను చూచుట మరువరాదు.