మారుమోగడం

ప్రతిధ్వనిని తమిళులు ‘ఎదిరొలి’ అంటారు. ఎదురొచ్చే ఒలి, అంటే చప్పుడు. అందులోని ‘ఎదిర్’, మన ‘ఎదురు’ ఒకే వేరు నుంచి పుట్టినవి. మదురై–తేని దారిలోని ఆండిపట్టి తెలుగువాళ్లకు ఈ చుట్టరికం విడమరిచి చెప్పక్కర్లేదు. ‘ప్రతిధ్వని’ సంస్కృతం, మన సొంతమాట ‘మారుమోగడం’. మారుపలుకు, మారుపేరులలోని ‘మారు’ ఇదే. చప్పుడుకు గోడ బదులు పలుకుతుందన్న ఊహ ఎంత చక్కనిది!

ఆ బదులుతో దూరమూ కొలవచ్చు.

మదురైలో తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహలు లాంటి చోట, గోడకు ఎదురుగా నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టారనుకుందాం. 30 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు సుమారు 349 మీటర్లు పోతుంది. బదులు 0.2 సెకన్లకు వస్తే అది తిరిగిన దారి 70 మీటర్లు. రానూపోనూ కలిపి అంత కనుక, గోడ 35 మీటర్ల దూరంలో ఉన్నట్టు.

గోడ 17 మీటర్ల కన్నా దగ్గరైతే బదులు 0.1 సెకను లోపే వచ్చేస్తుంది. చెవికి విడిగా తెలియదు, గదంతా గుయ్‌మంటుంది. ఖాళీ కల్యాణ మండపంలో మైకు మాటలు అర్థం కానిది అందుకే. జనం నిండితే ఒంటిమీది బట్టలు ఆ మోతను కొంత పీల్చుకుంటాయి. ‘సభ చప్పట్లతో మారుమోగింది’ అని పత్రికలు రాసేది విడిగా తెలియని ఈ రెండో రకం మోతనే.