డాక్టరు కోట్నీసు: మన యూరి సైనిక వైద్యుడు

దాజీ పేటలో మన ఇంటిలోపల తెలుగు, వాకిలి దాటిన మరాఠీ. మగ్గమును నమ్ముకొని తెలంగాణము విడిచి వచ్చిన పెద్దల సంతతి మనము. పుట్టిన గడ్డ యొకటి, బ్రతుకు నిచ్చిన గడ్డ వేఱొకటి యగుట మనకు క్రొత్త గాదు. కావుననే ఈ షోలాపురముననే పుట్టి, చైనాలో సైనిక వైద్యుడై, అచటనే తండ్రియై, అచటనే కన్నుమూసిన డాక్టరు ద్వారకానాథ కోట్నీసుగారిని మన మరాఠీ సోదరులతోపాటు మేమును మా వానిగనే తలచుచున్నాము.

వారు 1910 అక్టోబరు 10వ తేదీన జన్మించిరి. బొంబాయిలో వైద్యవిద్య పూర్తిచేసిరి. జపాను దండయాత్రకు గురియైన చైనా తమకు వైద్యులను పంపుమని కోరగా, 1938లో కాంగ్రెసు అధ్యక్షులైన సుభాష్ చంద్ర బోసుగారు ప్రజల నర్థించి ధనము సేకరించిరి. డాక్టరు అటల్ నాయకత్వమున బయలుదేరిన ఐదుగురు వైద్యులలో కోట్నీసుగారొకరు. అప్పటికి వారికి ఇరువదియెనిమిదేండ్లయినను నిండలేదు.

చైనా చేరిన కొలది కాలమునకే, ఇచట తండ్రిగారు మరణించిన వార్త వారికి అందెను. తండ్రి కర్మలకు రాలేని దుఃఖము ఎట్టిదో, ఉన్న యూరు విడిచిన కుటుంబములకు వేఱుగ చెప్పనక్కరలేదు. అయినను వారు గాయపడిన సైనికులను విడిచి మరలి రాలేదు. 1939లో యెనాను చేరి ఎనిమిదవ మార్గసైన్యముతో కలసి పనిచేసిరి. 1940లో ఒక పోరునందు 72 గంటలు నిద్రలేక శస్త్రచికిత్సలు చేసిరనియు, ఎనిమిదివందల మందికి పైగా క్షతగాత్రులకు చికిత్స చేసిరనియు చెప్పుదురు. 1941లో బెథూన్ పేరిట నెలకొన్న అంతర్జాతీయ శాంతి వైద్యశాలకు అధ్యక్షులైరి. తోడి వైద్యులు నలుగురును కాలక్రమమున స్వదేశమునకు మరలిరి. వీరు మాత్రము నిలిచిపోయిరి.

ఆ సంవత్సరముననే వారు నర్సుగా పనిచేయుచుండిన గువో చింగ్‌లాన్‌గారిని వివాహమాడిరి. 1942 ఆగస్టులో కుమారుడు కలిగెను. శిశువునకు యిన్‌హువా అని పేరిడిరి. ‘యిన్’ అనగా భారతదేశము, ‘హువా’ అనగా చైనా. బిడ్డకు నాలుగు నెలలైనను నిండకమునుపే, డిసెంబరు 9వ తేదీన, మూర్ఛవ్యాధిచే ఆ తండ్రి మరణించిరి. వయస్సు ముప్పదిరెండేండ్లు.

తరువాతి కథయే మన మనస్సును కలచును. 1962లో ఆ రెండు దేశములును యుద్ధమునకు దిగినవి. రెండింటిని తన పేరున మోయుచున్న యిన్‌హువాకు అప్పుడు ఇరువదేండ్లు. తండ్రి త్రోవనే వైద్యము చదువుచు, 1967లో అతడును అకాలమరణము నొందెను. భర్తను, కుమారుని పోగొట్టుకొన్న చింగ్‌లాన్‌గారు 2012 వఱకు జీవించిరి. వారు పలుమార్లు భారతదేశమునకు వచ్చి అత్తవారితో బంధుత్వమును నిలుపుకొనిరి. రాజ్యములు తెంచుకొన్న సంబంధమును ఒక ఇల్లాలు తెంచుకొనలేదు.

1946లో శాంతారాంగారు తీసిన చలనచిత్రముచే ఈ పేరు దేశమంతట వ్యాపించెను. చైనా 1982లోను, భారతదేశము 1993లోను వారి స్మారకముగ తపాలాబిళ్లలు వెలువరించినవి. షోలాపురములో వారి ఇల్లు నేడు స్మారకభవనము. చైనాలో షీజియాజువాంగ్‌నందలి సమాధి నేటికిని పూలతో పూజింపబడుచున్నది.

మన పిల్లలు ఆ భవనము ముందుగ నడచి పోవుచుందురు. లోపలి కథ నెఱిగినవారు కొందఱే. సైనికుడనగా ప్రాణము తీయువాడే కాదు, ప్రాణము పోయువాడును సైనికుడే యని వారికి తెలుపవలసిన బాధ్యత మనది. రానున్న డిసెంబరు 9వ తేదీన పిల్లలను వెంటగొని అచటికి వెళ్లుదము. ఆ తండ్రీకొడుకుల కథను వారికి మన తెలుగులోనే చెప్పుదము.